లేబుల్ మీద ఏ వివరం ఎక్కడి నుంచి తీసుకోవాలి? అన్నీ ఎక్సెల్‌లో పెడితే 400 స్టిక్కర్లు పాడయ్యాయి

పచ్చళ్ల_పద్మజ
మర్రిపాలెంలో ఇంటి పక్క షెడ్డులో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాం. మొత్తం 62 రకాలు. ఒక్కోటి 100 గ్రాములు, పావుకిలో, అరకిలో, కిలో సైజుల్లో. ఇన్నాళ్లూ ప్రెస్‌లో లేబుళ్లు అచ్చు వేయించుకుని, తేదీ, బ్యాచ్ రబ్బరు స్టాంపుతో కొట్టేవాళ్లం. ఈ మధ్య ఒక సూపర్ మార్కెట్ వాళ్లు బార్‌కోడ్ ఉంటేనే సరుకు తీసుకుంటామన్నారు. దాంతో థర్మల్ ప్రింటర్, లేబుల్ సాఫ్ట్‌వేర్ కొన్నాం.

డిజైన్ చక్కగానే కుదిరింది. కానీ ఏ గడి మీద నొక్కినా "డేటా సోర్స్ ఏది" అని అడుగుతుంది. ఫిక్స్‌డ్, డేటాబేస్, క్లాక్, కీబోర్డు, కౌంటర్, స్క్రిప్ట్ అని వరసగా చూపిస్తుంది. మా అన్నయ్య కొడుకు అన్నిటినీ ఎక్సెల్‌లో ఎక్కించి, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) సేవ్ చేసి కలిపేశాడు. నిన్న 400 స్టిక్కర్లు కొట్టి సీసాలకు అంటించాక చూస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉండాల్సిన చోట 1.01, దాని పక్కన ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, ప్లస్ 13 అని ఉంది. 0045 అనే ఐటెం కోడ్ 45 అయిపోయింది. జూన్ 5న ప్యాక్ చేసిన గోంగూరకి మే 6 పడింది. 400 సీసాలూ గోరువెచ్చని నీళ్లలో పెట్టి గోకాం. రాత్రి ఒంటిగంట అయింది.

ఏ గడికి ఏ సోర్స్ పెట్టాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. వచ్చే వారం సరుకు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

కంచరపాలెం_కిరాణా
అయ్యో, 400 సీసాలు గోకడమంటే మాటలా. మా కొట్లో పప్పుల ప్యాకెట్లకి నాలుగేళ్లుగా ఎక్సెల్ నుంచే కొడుతున్నాం, ఎప్పుడూ ఇలా అవలేదు. సీఎస్‌వీ చేయడం వల్లే వచ్చి ఉంటుంది. ఎక్సెల్ ఫైలునే నేరుగా కలపండి.

గాజువాక_సాంబ
ప్రింటర్లు, లేబుల్ సాఫ్ట్‌వేర్ల సర్వీసు నా పని. ఆటోనగర్‌లో వారానికి ఒకరైనా ఇదే బాధతో ఫోన్ చేస్తారు. పద్మజ గారూ, మీ మూడు తప్పులకీ మూడు వేరు వేరు కారణాలున్నాయి.

లైసెన్సు నంబరుకి 14 అంకెలు. ఎక్సెల్‌లో మామూలు గడిలో 11 అంకెలు దాటిన సంఖ్య టైప్ చేస్తే దాన్ని కుదించి 'ఈ ప్లస్' రూపంలో చూపిస్తుంది. గడి లోపల అసలు సంఖ్య అలాగే ఉంటుంది. కానీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే కంటికి కనబడేదే ఫైల్లోకి వెళ్తుంది. మీ నంబరు అక్కడే పోయింది. ఆ సీఎస్‌వీ నుంచి దాన్ని వెనక్కి తెచ్చుకోలేరు.

0045 ఎక్సెల్‌కి ఒక సంఖ్య. సంఖ్యకి ముందు సున్నాలకి విలువ లేదు కాబట్టి తీసేస్తుంది. టైప్ చేయడానికి ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోవాలి. తర్వాత మారిస్తే పోయిన సున్నాలు తిరిగి రావు.

తేదీ సంగతి ఇంకా ప్రమాదం. ఫైల్లో 05/06 అని ఉంటే మనకి జూన్ 5. కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే దానికి మే 6. 13వ తేదీ నుంచి నెలాఖరు దాకా అంతా సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే 13వ నెల లేదు. నెల మొదటి 12 రోజులే తప్పు పడుతుంది. అందుకే చాలామంది నెలాఖర్లో టెస్ట్ చేసి బాగుందనుకుని, ఒకటో తారీఖు నుంచి తప్పు కొడతారు.

అసలు నేను అడిగేది వేరే. లైసెన్సు నంబరు ఎక్సెల్‌లో ఎందుకుంది? మీ 62 పచ్చళ్లకీ అదే నంబరు కదా. అది లేబుల్ డిజైన్‌లోనే ఫిక్స్‌డ్‌గా ఉండాలి. మీ పేరు, చిరునామా, కస్టమర్ కేర్ ఫోను కూడా అంతే. మారని వాటిని ఫైల్లో పెడితే 248 చోట్ల తప్పు పడే అవకాశం మనమే ఇచ్చినట్టు.

పచ్చళ్ల_పద్మజ
248 ఎక్కడి నుంచి వచ్చింది సాంబ గారూ? మావి 62 రకాలే.

గాజువాక_సాంబ
62 రకాలు, నాలుగు సైజులు. పావుకిలో ఆవకాయ, కిలో ఆవకాయ రెండింటికీ ఒకే బార్‌కోడ్ పనికిరాదమ్మా. బిల్లింగ్‌లో ధర తేడా తెలియదు. ప్రతి సైజుకీ వేరే నంబరు ఉండాలి, ఫైల్లో వేరే వరుస ఉండాలి. జీఎస్1 ఇండియా దగ్గర నంబర్లు తీసుకునేటప్పుడే ఇది లెక్కేసుకోండి. మీరు అన్ని సైజులూ నిజంగా అమ్ముతున్నారో లేదో కూడా చూసుకోండి.

దువ్వాడ_జోన్
ఎస్‌ఈజడ్‌లో ఒక యూనిట్‌కి ఐటీ చూస్తాను. కంచరపాలెం అన్న మాటకి నేను ఒప్పుకోను. ఎక్సెల్‌ని నేరుగా కలిపినా గొడవలున్నాయి. చాలా లేబుల్ సాఫ్ట్‌వేర్లు ఎక్సెల్‌ని ఒక డ్రైవర్ ద్వారా చదువుతాయి. ఆ డ్రైవర్ మామూలుగా మొదటి 8 వరుసలు చూసి ఈ కాలమ్‌లో అంకెలున్నాయా, అక్షరాలున్నాయా అని తనే ఊహించుకుంటుంది. మొదటి ఎనిమిదిలో 101, 102 అని అంకెలే ఉండి, ఇరవయ్యో వరుసలో "పి-12" అని వచ్చిందనుకోండి, ఆ గడి ఖాళీగా వస్తుంది. ఎర్రర్ కూడా చూపించదు. లేబుల్ మీద ఖాళీ జాగా మాత్రం పడుతుంది.

నా సలహా ఒకటే. చిన్నదైనా సరే డేటాబేస్ పెట్టుకోండి. కాలమ్ టెక్స్ట్ అంటే టెక్స్ట్, తేదీ అంటే తేదీ. ఊహించుకోవడాలు ఉండవు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితం. లేబుల్ సాఫ్ట్‌వేర్‌కి చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్ ఒకటి ఇవ్వండి, ఆమోదించిన ఐటెంలు మాత్రమే కనబడేలా వ్యూ (డేటాబేస్‌లో వడపోసిన జాబితా) పెట్టండి. ప్రింటింగ్ దగ్గర కూర్చున్నవాళ్లు పొరపాటున కూడా ధర మార్చలేరు.

కంచరపాలెం_కిరాణా
పచ్చళ్ల షెడ్డులో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎవరు చూస్తారు తమ్ముడూ? ఊరగాయ జాడీకి బ్యాంకు లాకర్ అడిగినట్టుంది.

దువ్వాడ_జోన్
ఆవకాయ జాడీకి మా ఇంట్లో నిజంగానే తాళం వేస్తారు అన్నా 😀 కానీ మీ మాటలో న్యాయం ఉంది. చూసేవాళ్లు లేకపోతే డేటాబేస్ కూడా భారమే. బ్యాకప్ ఎవరూ తీయని డేటాబేస్ కంటే జాగ్రత్తగా రాసిన ఎక్సెల్ నయం.

హార్బర్_గాలి
రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ప్యాకింగ్ విభాగంలో 11 ఏళ్లు చేశాను. ఎక్సెల్ మాకు చేసింది వేరు. రొయ్యలకి కౌంటు ఉంటుంది, అంటే పౌనుకి ఎన్ని వస్తాయో. 16/20, 21/25, 26/30 ఇలా. పెద్ద సైజు 8/12. ఎవరో కొత్త కుర్రాడు మాస్టర్ ఫైల్లో 8/12 అని కొట్టాడు. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని డిసెంబరు 8 చేసేసింది. 16/20 ఏ పద్ధతిలోనూ తేదీ అవదు కాబట్టి మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క పెద్ద రొయ్య కార్టన్ల మీద సైజు గడిలో "08-డిసెంబరు" అని పడింది. మైనస్ 18 స్టోర్‌లోకి వెళ్లిపోయిన కార్టన్లని మళ్లీ బయటికి తీసి, స్టిక్కరు మార్చి, లోపల పెట్టాం. ఆ చలికి కొత్త స్టిక్కర్ జిగురు సరిగ్గా అంటుకోలేదు, అదో అవస్థ.

ఆ తర్వాత మేం చేసింది చాలా చిన్న మార్పు. సైజు, గ్రేడు, రకం అనే మూడింటినీ ఫైల్ నుంచి తీసేసి ఎంచుకునే జాబితా కింద పెట్టాం. ప్రింట్ నొక్కగానే చిన్న ఫారం వస్తుంది, అందులో జాబితాలోంచి సైజు ఎంచుకోవాలి. టైప్ చేయడానికి లేదు.

పచ్చళ్ల_పద్మజ
నాకు కొంచెం కొంచెం అర్థమవుతోంది. అయితే తయారీ తేదీకి క్లాక్ పెట్టేయొచ్చా? ఏ రోజు కొడితే ఆ రోజు తేదీ దానంతట అదే పడుతుంది కదా. మా పిల్లాడు అదే అంటున్నాడు.

గాజువాక_సాంబ
పెట్టొచ్చు. కానీ రెండు షరతులు. ప్యాక్ చేసే రోజే లేబుల్ కొట్టాలి. ముందురోజు రాత్రి రేపటికని కొట్టి పెట్టుకునే అలవాటుంటే క్లాక్ వద్దు. రెండోది, ఆ కంప్యూటర్ గడియారం నమ్మదగ్గదై ఉండాలి.

కంచరపాలెం_కిరాణా
గడియారం మాట వచ్చింది కాబట్టి చెప్తా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది కదా. మా కొట్టుకి చాలా రోజులు కరెంటు లేదు. వచ్చాక పాత కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి తారీఖు ఎప్పుడో 2008కి వెళ్లిపోయింది. నెట్ కూడా లేదు కాబట్టి దానంతట అది సరిచేసుకోలేదు. ఆ తేదీతోనే 60 కందిపప్పు ప్యాకెట్లకి స్టిక్కర్లు పడ్డాయి. ఒక ముసలావిడ తెచ్చి చూపించి "బాబూ, ఆరేళ్ల నాటి పప్పు అమ్ముతున్నావా" అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అప్పట్నించీ రోజూ కొట్టు తెరవగానే తారీఖు చూశాకే ప్రింటర్ ఆన్ చేస్తాను.

పరవాడ_క్యూఏ
ఫార్మా క్వాలిటీలో ఉన్నాను. క్లాక్ గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది, నైట్ షిఫ్ట్. రాత్రి పదికి మొదలైన ప్యాకింగ్ ఉదయం ఆరు దాకా నడుస్తుంది. క్లాక్ సోర్స్ పెడితే 12 కొట్టగానే ఒకే బ్యాచ్‌లో సగం డబ్బాల మీద ఒక తేదీ, మిగతా సగం మీద ఇంకో తేదీ. తేదీ బ్యాచ్‌ది, గడియారానిది కాదు. బ్యాచ్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి నమోదు చేసి, ఆ బ్యాచ్ ముగిసేదాకా అదే వాడాలి.

హార్బర్ గారు చెప్పిన ఫారం పద్ధతిలో ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. జాబితా అయినా సరే మనిషి ఎంచుకునేటప్పుడు పక్క వరుస మీద నొక్కొచ్చు. మా దగ్గర ఒకరు ఎంచుకుంటే ఇంకొకరు బ్యాచ్ కాగితంతో పోల్చి చూసి సంతకం పెట్టాకే ప్రింట్ అవుతుంది. మొదటి లేబుల్‌ని రికార్డులో అంటిస్తాం. ఎన్ని కొట్టాం, ఎన్ని వాడాం, ఎన్ని చింపేశాం అన్నది లెక్క కలవాలి.

హార్బర్_గాలి
రాత్రి రెండింటికి ప్యాకింగ్ హాల్లో చల్లటి నీళ్లలో చేతులు పెట్టి పనిచేసే చోట రెండో మనిషి ఎక్కడ దొరుకుతాడు సార్? మీ గదుల్లో ఏసీ, కుర్చీ ఉంటాయి. మాకు గ్లౌజుతో నొక్కేంత పెద్ద బటన్లున్న ఫారం ఉంటే అదే చాలు. అయినా నైట్ షిఫ్ట్ మాట ముమ్మాటికీ నిజం. మాకూ అదే జరిగింది, కొనుగోలుదారు ఒకే లాట్‌లో రెండు తేదీలెందుకున్నాయని మెయిల్ పెట్టాడు.

పరవాడ_క్యూఏ
పని పరిస్థితులు వేరు, ఒప్పుకుంటాను. మీ దగ్గర స్కానర్ ఉందా? ఉంటే జాబితా కూడా అక్కర్లేదు. ట్రేతో వచ్చే లాట్ కార్డు మీద బార్‌కోడ్ ఉంచి, ఫారం గడిలో కర్సర్ పెట్టి స్కాన్ చేయండి. సాఫ్ట్‌వేర్‌కి స్కానర్ కూడా కీబోర్డు లాంటిదే. టైపింగ్ తప్పులు పోతాయి, రెండో మనిషి అవసరం తగ్గుతుంది.

హార్బర్_గాలి
ఇది బావుంది. నేనిప్పుడు ప్లాంటులో లేను కానీ మా తమ్ముడు ఉన్నాడు, వాడికి చెప్తాను.

అరకు_రోస్ట్
కాఫీ వేయించి నగరంలో ఇస్తుంటాం. బెస్ట్ బిఫోర్ తేదీ గురించి ఒక మాట. చాలామంది ప్యాక్ చేసిన తేదీకి "ఆరు నెలలు" బదులు 180 రోజులు కలుపుతారు. మార్చి 1కి ఆరు నెలలు కలిపితే సెప్టెంబరు 1. 180 రోజులు కలిపితే ఆగస్టు 28. నాలుగు రోజుల తేడా. లేబుల్ మీద ఇంకోచోట "ప్యాక్ చేసిన తేదీ నుంచి 6 నెలలు" అని ఫిక్స్‌డ్‌గా ఉంటే రెండూ కొట్టుకుంటాయి. షాపువాళ్లు దీన్నే పట్టుకుని మాకు ఒక పెట్టె వెనక్కి పంపారు.

బెస్ట్ బిఫోర్‌ని టైప్ చేయించొద్దు. తయారీ తేదీ ఒక్కటే అడగాలి. నిల్వ ఎన్ని నెలలన్నది ఫైల్లో ఐటెం వరుసలో ఉండాలి, ఎందుకంటే పొడికీ పచ్చడికీ ఒకేలా ఉండదు. ఆ రెండిటినీ కలిపి తేదీ లెక్కేయడం సాఫ్ట్‌వేర్ పని.

గాజువాక_సాంబ
అరకు గారి మాట అక్షరాలా పాటించండి పద్మజ గారూ. యూనిట్ సేల్ ప్రైస్ కూడా ఇలాంటిదే. కిలో లోపు ప్యాకెట్‌కి గ్రాము ధర వేయాలి కదా. 250 గ్రాములు 140 రూపాయలైతే గ్రాముకి 56 పైసలు. దాన్ని చేత్తో లెక్కేసి ఫైల్లో ఇంకో కాలమ్‌గా రాసేవాళ్లున్నారు. ఎంఆర్‌పీ మార్చినప్పుడు ఈ కాలమ్ మార్చడం మర్చిపోతారు. ధర, బరువు రెండూ ఫైల్లో ఉన్నాయి కాబట్టి భాగహారం లేబుల్‌లోనే పెట్టేయండి. స్క్రిప్ట్ అని భయపడొద్దు, ఒక్క లైను.

ఎంవీపీ_చిన్ని
మధ్యలో వస్తున్నా, నాదీ ఇదే బాధ. అమ్మ చేసే సున్నుండలకి తెలుగులో పేరు వేద్దామనుకున్నా. ఎక్సెల్‌లో బాగానే ఉంది, లేబుల్‌లో అన్నీ ప్రశ్నార్థకాలు. ఫాంటు లేదేమోనని పది ఫాంట్లు వేశాను.

దువ్వాడ_జోన్
ఫాంటు కాదు చిన్నీ, సీఎస్‌వీ. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలు ఫైల్లోకే వెళ్లవు, వాటి బదులు ప్రశ్నార్థకాలు వెళ్తాయి. సేవ్ యాజ్‌లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని వేరే ఉంటుంది, తెలుగు అక్షరాలు కూడా పట్టే పద్ధతి, అది ఎంచుకో. లేబుల్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ కలిపేటప్పుడు కూడా ఎన్‌కోడింగ్ అడుగుతుంది, అక్కడా యూటీఎఫ్-8 చెప్పు.

గాజువాక_సాంబ
ప్రింటర్ లోపల ఉండే ఫాంట్లలో మామూలుగా తెలుగు ఉండదు. విండోస్‌లో ఉన్న తెలుగు ఫాంటే ఎంచుకోవాలి. టెస్ట్ చేసేటప్పుడు "ఆవకాయ" అని రాసి బాగా వచ్చిందనుకోవద్దు, దానికి ఒత్తులే లేవు. "ఉప్పు", "పండుమిర్చి" రాసి చూడు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో ఒత్తు విడిపోయి పక్కన పడుతుంది.

ఎంవీపీ_చిన్ని
వచ్చేసింది!! "సున్నుండలు" ఒత్తుతో సహా చక్కగా పడింది. అమ్మ ఆ స్టిక్కరు ఫ్రిజ్ మీద అంటించుకుంది.

పచ్చళ్ల_పద్మజ
చిన్నీ, అమ్మకి నా తరఫున కూడా చెప్పమ్మా.

సరే, నేను అర్థం చేసుకున్నది రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి. పేరు, చిరునామా, లైసెన్సు డిజైన్‌లోనే. ఐటెం పేరు, కావలసిన దినుసులు, బరువు, ఎంఆర్‌పీ, బార్‌కోడ్ నంబరు, నిల్వ నెలలు ఎక్సెల్‌లో, అన్ని గడులూ టెక్స్ట్‌గా. తయారీ తేదీ, బ్యాచ్ ప్రింట్ చేసేటప్పుడు అడగాలి. బెస్ట్ బిఫోర్, గ్రాము ధర లెక్క. కానీ ఎంఆర్‌పీ దగ్గర సందేహం. మామిడికాయ ధర వారానికోలా ఉంటుంది, మా ధర కూడా మారుతుంది. ప్రింట్ చేసేటప్పుడే అడిగితే సులువు కాదా?

కంచరపాలెం_కిరాణా
అడిగించుకోండి. నేనలాగే చేస్తాను. పొద్దున్నే ధర చూసి కొట్టేస్తాను.

అరకు_రోస్ట్
వద్దండీ. మీరు మాత్రమే కొడితే పర్వాలేదు. రేపు పనమ్మాయి కొడుతుంది. 140 బదులు 410 పడిందనుకోండి, దిద్దుకునేలోపే సీసా కొట్టుకి వెళ్లిపోతుంది. ఎంఆర్‌పీ ఒక్కరి చేతిలో ఉండాలి, ఒక్క ఫైల్లో ఉండాలి. మార్చాలంటే ఆ ఒక్కరూ ఫైల్ తెరిచి మార్చాలి.

దువ్వాడ_జోన్
అరకు గారితో ఏకీభవిస్తాను. తేదీ అంటే ఆ రోజు ప్యాకింగ్ దగ్గరున్న మనిషికి తెలిసిన విషయం, వాళ్లనే అడగాలి. ధర యజమానికి తెలిసిన విషయం, ప్యాకింగ్ బల్ల దగ్గర దాన్ని అడగకూడదు. సోర్స్ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇదే, ఆ వివరం నిజంగా ఎవరికి తెలుసు, ఎప్పుడు తెలుస్తుంది అని.

కంచరపాలెం_కిరాణా
నేనొక్కణ్నే కొడతాను కాబట్టి నాకు చెల్లింది. పనివాళ్లుంటే మీ మాటే రైటు. ఇంకొకటి, కొట్టు లెక్కలు ట్యాలీలో ఉన్నాయి, ధరలు రెండు చోట్ల రాయడం విసుగు. ట్యాలీ నుంచి నేరుగా లాగొచ్చా?

దువ్వాడ_జోన్
లాగొచ్చు. ట్యాలీ ఓడీబీసీ సర్వర్‌గా, అంటే వేరే సాఫ్ట్‌వేర్లు తన డేటాని చదువుకునేలా పనిచేస్తుంది, మామూలుగా 9000 పోర్టు. స్టాక్ ఐటెంలు, ధరలు అందులోంచి తీసుకోవచ్చు. కానీ ట్యాలీ తెరిచి, ఆ కంపెనీ లోడ్ అయి ఉండాలి. ఎవరైనా మూసేస్తే లేబుల్ సాఫ్ట్‌వేర్‌కి డేటా దొరకదు. అందుకే కొందరు రోజూ పొద్దున ట్యాలీ నుంచి ఎక్సెల్‌కి ఎక్స్‌పోర్ట్ చేసి దానితో కొడతారు. అప్పుడు ఆ ఎక్స్‌పోర్ట్ ఎవరో ఒకరు మర్చిపోకుండా చేయాలి.

పరవాడ_క్యూఏ
పద్మజ గారి బ్యాచ్ గడి గురించి ఒక ముఖ్యమైన సంగతి. బ్యాచ్ నంబరు లేబుల్ మీద అక్షరాల్లో ఉంటుంది, క్యూఆర్ కోడ్ పెడితే అందులో కూడా ఉంటుంది. చాలామంది రెంటికీ వేరు వేరు గడులు పెడతారు. ఒకదాంట్లో మార్చి, ఇంకోదాంట్లో మర్చిపోతారు. కంటికి ఒక బ్యాచ్, స్కాన్ చేస్తే ఇంకో బ్యాచ్. మందుల్లో 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకి క్యూఆర్ లేదా బార్‌కోడ్ తప్పనిసరి చేశారు, అందులో బ్యాచ్, తయారీ, గడువు తేదీలు ఉండాలి. అక్కడ ఈ తేడా వస్తే చాలా పెద్ద సమస్య. పచ్చడైనా సరే, బ్యాచ్ అనే ఒకే సోర్స్ పేరు పెట్టి, అక్షరాలకీ కోడ్‌కీ దాన్నే కలపండి. ఒక చోట మారిస్తే రెండూ మారాలి.

హార్బర్_గాలి
కార్టన్ల బార్‌కోడ్ సంగతి కూడా చెప్పండి సాంబ గారూ, ఆ బ్యాచ్‌తో మా వాళ్లకి ఇంకో తలనొప్పి వచ్చింది. స్కాన్ చేస్తే బ్యాచ్ వెనక తేదీ అతుక్కుపోయి వచ్చేది.

గాజువాక_సాంబ
కార్టన్ల మీద వేసే జీఎస్1-128 అనే బార్‌కోడ్‌లో ముందు 01 అనే గుర్తుతో 14 అంకెల ఐటెం నంబరు, 17తో గడువు తేదీ, 10తో బ్యాచ్ ఉంటాయి. ఐటెం నంబరు, తేదీల పొడవు ఎప్పుడూ ఒకటే, కాబట్టి ఎక్కడ ఆగాలో స్కానర్‌కి తెలుసు. తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఆరంకెలు. బ్యాచ్ పొడవు మాత్రం మారుతుంది, 20 అక్షరాల దాకా. దాని తర్వాత ఇంకేదైనా పెడితే మధ్యలో ఒక విడదీసే గుర్తు ఉండాలి. చేత్తో అతికించి రాసినవాళ్లు అది మర్చిపోతారు. సాఫ్ట్‌వేర్‌లో జీఎస్1 విజర్డ్ వాడితే అదే పెడుతుంది. లేదా బ్యాచ్‌ని చివర పెట్టేయండి.

ఎక్సెల్‌కి ఇంకో హద్దుంది, 15 అంకెల దాకానే కచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది. ప్యాలెట్ మీద వేసే ఎస్‌ఎస్‌సీసీ నంబరుకి 18 అంకెలు. సంఖ్యగా కొడితే చివరి మూడూ సున్నాలైపోతాయి. అది టెక్స్ట్‌గానే ఉండాలి.

దువ్వాడ_జోన్
సీరియల్ నంబర్ల గురించి కూడా చెప్పాలి. మా దగ్గర ఒకప్పుడు వరస నంబర్లు తనే వేసే కౌంటర్ సోర్స్ వాడేవాళ్లు. చివరి నంబరు లేబుల్ ఫైల్లోనే సేవ్ అయ్యేది. పని ఎక్కువైందని ఆ ఫైల్‌ని రెండో కంప్యూటర్‌కి కాపీ చేశారు. రెండు కంప్యూటర్లూ అక్కడి నుంచి ఒకే నంబర్లు కొట్టుకుంటూ పోయాయి. మూడు రోజుల తర్వాత గోడౌన్‌లో ఒకే నంబరుతో రెండు పెట్టెలు దొరికాయి. అప్పుడే నేను డేటాబేస్‌కి మారాను. నంబరు ఒక్క చోట నుంచే రావాలి. పద్మజ గారికి ఒక్క కంప్యూటరే కాబట్టి ప్రస్తుతానికి భయం లేదు.

పచ్చళ్ల_పద్మజ
మాకు సీరియల్ అక్కర్లేదు, బ్యాచ్ చాలు. ఇంకొకటి అడగాలి. మా సాఫ్ట్‌వేర్ ప్రింటర్‌తో ఉచితంగా వచ్చింది. ఎక్సెల్ కలిపే బటనే ఒక్కోసారి బూడిద రంగులో ఉండి నొక్కనివ్వట్లేదు.

గాజువాక_సాంబ
ట్రయల్ గడువు అయిపోయి ఉంటుంది. ఉచిత వెర్షన్లలో చాలావాటికి డేటాబేస్ కలపడం ఉండదు. ఉదాహరణకి జీబ్రా డిజైనర్‌లో ఎసెన్షియల్స్ ఉచితం, కానీ బయటి ఫైల్ కలపాలంటే ప్రొఫెషనల్ కావాలి. బార్‌టెండర్‌లో కూడా ఎడిషన్‌ని బట్టి మారుతుంది. కొనేముందు "నా ఎక్సెల్ ఫైలు కలిపి, తేదీ అడిగి, లెక్కేసి కొట్టి చూపించండి" అని అడగండి. చూపిస్తేనే డబ్బు కట్టండి.

అరకు_రోస్ట్
డబ్బు ఇబ్బందైతే జీలేబుల్స్ ఉంది, ఉచితం, సీఎస్‌వీ కలుపుకోవచ్చు. మేం మొదటి సంవత్సరం దానితోనే నడిపాం. తేదీ లెక్కలు మాత్రం అందులో కుదరలేదు, ఫైల్లోనే వేసుకునేవాళ్లం.

ఎంవీపీ_చిన్ని
పద్మజ ఆంటీ, సీఎస్‌వీ వాడితే దాన్ని మళ్లీ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. నిన్న నేను అదే చేశాను, ముందున్న సున్నాలన్నీ మళ్లీ పోయాయి. చూడాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి.

గాజువాక_సాంబ
శభాష్ చిన్నీ. పద్మజ గారూ, బార్‌కోడ్ చివరి అంకె సంగతి కూడా వినండి. కొట్లలో స్కాన్ చేసే 13 అంకెల బార్‌కోడ్, ఈఏఎన్-13లో మొదటి 12 అంకెల నుంచి 13వది లెక్క కడతారు. మన దేశంలో తీసుకున్నవి 890తో మొదలవుతాయి. 890123456789 అని ఇస్తే చివర 0 రావాలి. ఫైల్లో 13 అంకెలూ రాయండి. ఎక్కడైనా అంకె తప్పు పడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, అప్పుడే తెలిసిపోతుంది. 12 మాత్రమే రాస్తే తప్పు నంబరుకి కూడా చక్కగా చివరి అంకె కట్టి కొట్టేస్తుంది.

కంచరపాలెం_కిరాణా
ఇది నాకు తెలియదు. నా ఫైల్లో అన్నీ 12 అంకెలే. ఇవాళ రాత్రి కూర్చుని అన్నీ సరిచూస్తాను.

పచ్చళ్ల_పద్మజ
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. సాంబ గారు ఫోన్లో గంటసేపు ఉండి మొత్తం చేయించారు. 248 కాదు, 171 వరుసలే వచ్చాయి, మేం అమ్మకానికి పెట్టని సైజులు తీసేశాం. ఫైల్ తాళం నా దగ్గరే ఉంది. ప్రింట్ నొక్కగానే ఐటెం ఎంచుకోమంటుంది, తయారీ తేదీ, బ్యాచ్ అడుగుతుంది, అంతే. తేదీలో నెలని అక్షరాల్లో పెట్టించాను, 05-జూన్ అని. ఇక తారుమారు అయ్యే ప్రసక్తే లేదు.

పరవాడ గారు చెప్పినట్టు ప్రతి బ్యాచ్‌కీ మొదటి లేబుల్‌ని ఒక నోట్‌బుక్‌లో అంటించి, మా అత్తగారు చూసి సంతకం పెడుతున్నారు. ఇవాళ పొద్దున ఆవిడే పట్టుకున్నారు, నువ్వుల పొడికి నిల్వ 12 నెలలని ఉంది, మూడు ఉండాలి. ఫైల్లో దిద్ది మళ్లీ కొట్టాం. పోయింది ఒక్క స్టిక్కరే.

పరవాడ_క్యూఏ
మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. మా దగ్గర ఆ పనికి ట్రైనింగ్ ఇచ్చి పెడతాం.

హార్బర్_గాలి
పద్మజ గారూ, నూనె సీసాల లేబుళ్లకి ప్రింటర్‌లో ఏ రిబ్బన్ (సిరా పట్టీ) వాడుతున్నారు? మామూలు వ్యాక్స్ అయితే నూనె చెయ్యి తగిలితే అక్షరాలు చెరిగిపోతాయి. వ్యాక్స్-రెజిన్ వేసి, ఒక సీసాకి నూనె రాసి రుద్ది చూడండి.

పచ్చళ్ల_పద్మజ
వ్యాక్సే ఉంది. ఇప్పుడే రుద్ది చూశాను, తేదీ పోయింది. సాంబ గారూ, ఆ వ్యాక్స్-రెజిన్ మీ దగ్గర దొరుకుతుందా? సరుకు ఎల్లుండి పొద్దున వెళ్లాలి.

గాజువాక_సాంబ
ఉంది. రేపు పదికల్లా మర్రిపాలెం వస్తాను, రెండు రోల్స్ తెస్తాను. ప్రింటర్ హీట్ కూడా కొంచెం పెంచాలి, అది నేను పెడతాను.